దువ్వాడ స్టేషన్: గాజువాక వైపు ఉండేవాళ్లకి ఇదే వైజాగ్

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాక కూర్మన్నపాలెంలోనే స్థిరపడ్డాం. అమ్మాయి రాజమండ్రిలో ఉంటుంది కాబట్టి నెల తిరిగేసరికి దువ్వాడలో రైలెక్కాల్సిందే. ఊళ్లో చాలామందికి ఇది అనకాపల్లి దాటాక వచ్చే చిన్న స్టేషన్. నన్నడిగితే మాత్రం విశాఖకి రెండో పెద్ద స్టేషన్ ఇదే.

విశాఖ స్టేషన్‌లోకి విజయవాడ వైపు రైళ్లూ, హౌరా వైపు రైళ్లూ ఒకే దిక్కు నుంచి వస్తాయి. అక్కణ్ణుంచి ముందుకెళ్లాలంటే ఇంజిన్‌ని రెండో చివర తగిలించి, వచ్చిన దారినే వెనక్కి రావాలి. అంత టైం పోకుండా కొన్ని దూరప్రాంతాల రైళ్లు దువ్వాడ నుంచి సింహాచలం నార్త్‌కి ఉన్న బైపాస్ లైన్లో తిన్నగా వెళ్లిపోతాయి. వాటికి వైజాగ్ అంటే దువ్వాడే.

ఈ సంగతి తెలియక మా బావగారు చాలా ఇబ్బంది పడ్డారు. భీమవరంలో ఎవరో ఏజెంట్ దువ్వాడకి టికెట్ తీసిచ్చి, ఇంకేమీ చెప్పలేదు. దువ్వాడ తర్వాత ఎలాగూ వైజాగ్ వస్తుంది కదా అని ఆయన కూర్చునే ఉన్నారు. అర్ధరాత్రి ఫోన్ చేసి, "ఏమయ్యా, విజయనగరం అంటున్నారు, వైజాగ్ ఎప్పుడొచ్చింది?" అన్నారు. అరవై ఐదేళ్ల మనిషి, పక్కన అక్కయ్య, రెండు పెద్ద సంచులు. తెల్లారేదాకా నాకు ఒకటే టెన్షన్. అందుకే టికెట్ తీసేటప్పుడు రైలు విశాఖకి వెళ్తుందో, దువ్వాడలో ఆగి బైపాస్‌లో పోతుందో చూసుకోండి. పెద్దవాళ్లకి తీసేవాళ్లయితే ఫోన్ చేసి మరీ చెప్పండి.

ఈ లైను ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్య వేసింది. అప్పటి పెద్ద స్టేషన్ వాల్తేరు. 1987లోగానీ దానికి విశాఖపట్నం అన్న పేరు రాలేదు. దువ్వాడ దశ తిరిగింది స్టీల్ ప్లాంట్‌తోనే. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంట్‌ని జాతికి అంకితం చేశారు. ఈలోగా 1989లో ఎగుమతుల జోన్ కూడా దువ్వాడకే వచ్చింది. ఒరిస్సా, బెంగాల్, కేరళ నుంచి వచ్చిన నా తోటి ఉద్యోగులు ఎంతోమంది ట్రంకుపెట్టెలతో మొదట అడుగుపెట్టింది ఈ ప్లాట్‌ఫారం మీదే.

ఇప్పటికీ రైలు కోసం నిలబడితే గూడ్సు బళ్లు చూస్తుంటాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం తెచ్చే వ్యాగన్లకి అంచుల దాకా ఎర్రటి ధూళి పట్టి ఉంటుంది, తడిస్తే కుంకుమలా చారలు కడుతుంది. బండి నెమ్మదిగా కదులుతుంటే కాళ్ల కింద ప్లాట్‌ఫారం సన్నగా అదురుతుంది. ఆ ఖనిజంతోనే కదా మేం ఇన్నేళ్లు అన్నం తిన్నాం.

సేవల సంగతి. జన్మభూమి, రత్నాచల్, గోదావరి మూడూ ఇక్కడ ఆగుతాయి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ అంటే మా తరానికి సొంత బండి కిందే లెక్క. రాజమండ్రి నుంచి వచ్చేటప్పుడు మేం దువ్వాడలోనే దిగిపోతాం. ఇక్కణ్ణుంచి విశాఖ దాదాపు 17 కిలోమీటర్లే అయినా, అక్కడిదాకా వెళ్లి మళ్లీ గాజువాక ట్రాఫిక్‌లో వెనక్కి రావడం వృథా.

ఆగేది రెండు నిమిషాలే కాబట్టి అనకాపల్లి దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చుకోండి. కదిలే బండి మాత్రం దిగొద్దు, ఎక్కొద్దు. జనరల్ టికెట్ ఫోన్‌లో రైల్వేవాళ్ల రైల్‌వన్ యాప్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది. టిఫిన్ కూర్మన్నపాలెం జంక్షన్లోనే కానిచ్చి బయల్దేరండి. రాత్రిపూట ఆటోవాళ్లు నోటికొచ్చినంత అడుగుతారు, అందుకే ఒక స్టార్ తగ్గించాను. ముందే బేరమాడండి, లేదా ఇంట్లోవాళ్లని బండితో రమ్మనండి.

రైల్వే లెక్కలో విజయవాడ డివిజన్ ముగిసి, ఇదివరకు వాల్తేరు అన్న డివిజన్ మొదలయ్యేది ఇక్కడే. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ వాల్తేరు పేరు మార్చి విశాఖపట్నం డివిజన్‌ని ఖాయం చేసినప్పుడు పలాస–విశాఖ–దువ్వాడ లైనూ, ఈ బైపాస్ లైనూ అందులోనే చేర్చింది. కేంద్రం బాగుచేయడానికి ఎంచుకున్న అమృత్ భారత్ స్టేషన్ల జాబితాలోనూ దువ్వాడ ఉంది. గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం జనమంతా వాడుకునే స్టేషన్ ఇది. విశాఖ మీదుగా పోని ప్రతి ఎక్స్‌ప్రెస్‌నీ ఇక్కడ ఆపితే మాకు ఎంతో మేలు.