బారెన్, నార్కోండం: ఏ అగ్నిపర్వత దీవి మేలు?

అండమాన్‌లో అగ్నిపర్వతం ఎక్కడుందని అడిగితే, విశాఖపట్నంలో ఓడెక్కి వెళ్ళిన యాత్రికుడైనా, పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) స్థిరపడిన తెలుగువారైనా బారెన్ దీవి పేరే చెబుతారు. దానికి ఉత్తరంగా సుమారు 135 కిలోమీటర్ల దూరాన నార్కోండం అనే మరో అగ్నిపర్వత దీవి ఉన్నా, దాని ఊసు ఎవరికీ పట్టదు. భూమి పైపొర ముక్కల్లో (ఫలకాల్లో) ఒకటైన భారత ఫలకం తూర్పున బర్మా ఫలకం కిందికి దిగిపోతూ ఉండడమే ఈ రెండు దీవుల పుట్టుకకూ కారణం. సుమత్రా నుంచి మయన్మార్‌లోని పోపా కొండ దాకా సాగే అగ్నిపర్వతాల వరుసలో ఇవి రెండు పూసలు.

చూడడానికైతే బారెన్‌దే పైచేయి. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, మూడు కిలోమీటర్ల వ్యాసంతో, 354 మీటర్ల ఎత్తున నిలిచిన ఈ దీవి నిజానికి సముద్రగర్భం నుంచి రెండు వేల మీటర్లకు పైగా లేచిన పర్వతానికి నీటిపైన తేలిన కొస మాత్రమే. గుండ్రని కోటగోడ లాంటి పాత బిలం అంచు పడమటి వైపు తెగిపోయి ఉంటుంది. ఓడ ఆ గండికి ఎదురుగా వచ్చేసరికి మధ్యలో బూడిద, రాళ్ళు పేరుకుని ఏర్పడిన నల్లని శంకువు, దాని పాదం నుంచి సముద్రం దాకా పారి గడ్డకట్టిన లావా ఒకేసారి కళ్ళబడతాయి. ఓడలో వెళ్ళినవారు దీవి మీద కాలు పెట్టే వీలు లేకపోయినా, బొమ్మల్లో చూసిన అగ్నిపర్వతపు అవయవాలన్నీ ఇక్కడ విడివిడిగా గుర్తుపట్టవచ్చు.

చరిత్రలోనూ బారెన్ మౌనంగా లేదు. 18వ శతాబ్దం చివర అండమాన్ దీవులను సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చూసిన కాలంలో రగులుతూ, 19వ శతాబ్దం మొదటి సగం తర్వాత చల్లబడి, అందరూ ఇక ఆరిపోయిందనుకున్నాక 1991లో మళ్ళీ బద్దలై నెలల తరబడి లావా కక్కింది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం తర్వాత ఆరు నెలలైనా తిరగకముందే, 2005 మేలో మరోసారి లేచింది. భారతదేశంలో నేటికీ జీవంతో ఉన్న ఏకైక అగ్నిపర్వతం ఇదే. బారెన్ అంటే బంజరు అని అర్థమైనా, దాని వెలుపలి వాలుల మీద అడవి ఉందనేది వేరే సంగతి.

పేర్ల విషయంలో నార్కోండం కథ ఇంకా చిత్రమైనది. నరక కుండం అనే మాటే నార్కోండం అయిందని చెబుతారు. పచ్చటి అడవి కప్పుకున్న కొండకు ఆ పేరు ఏమాత్రం పొసగదు కనుక, నిప్పులు చిమ్మే బారెన్‌కు ఉండవలసిన పేరు పటాల్లో తారుమారై దీనికి అతుక్కుందని కొందరి అనుమానం. నాకు ఆ అనుమానమే సబబుగా తోస్తుంది. 710 మీటర్ల ఎత్తున, బారెన్‌కు రెట్టింపు పొడవుగా నిలిచిన ఈ దీవి చరిత్ర కాలంలో పేలిన దాఖలా లేదు. ఒకప్పుడు బర్మా కూడా దీన్ని తనదేనంది. 1986 డిసెంబరులో రెండు దేశాలూ చేసుకున్న సముద్ర సరిహద్దు ఒప్పందంతో ఆ వివాదం ముగిసింది.

పేలని అగ్నిపర్వతంలో చూడడానికి ఏముంటుందని అడగవచ్చు. నిలకడగా ఎదిగిన అడవి ఉంటుంది, ఆ అడవిని నమ్ముకున్న నార్కోండం హార్న్‌బిల్ పక్షి ఉంటుంది. 1873లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినది తరువాత కాంగ్రెస్ స్థాపనలో ముందు నిలిచిన ఎ.ఓ.హ్యూమ్. ఏడు చదరపు కిలోమీటర్ల ఈ నేల తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ పక్షి లేదు, ఇక్కడ కూడా వెయ్యికి అటూ ఇటుగానే ఉన్నాయి. మగదానికి తల, మెడ ఇటుక రంగులో ఉంటాయి, ఆడది నల్లగా ఉంటుంది.

రెండింటి తేడా తూచడానికి మేక చాలు. 19వ శతాబ్దంలో బారెన్ మీద వదిలిన మేకలు ఊటనీటితో బతికి, చూసినవారికి వింతగా మిగిలాయి. పోలీసు శిబిరంతో పాటు నార్కోండం చేరిన మేకలు మాత్రం వందల్లోకి పెరిగి, రేపు హార్న్‌బిల్‌కు గూడు కావలసిన చెట్ల మొలకలను మేసేశాయి. చివరకు వాటిని అక్కడి నుంచి తొలగించవలసి వచ్చింది. బారెన్‌లో ఏం పాడైనా మరో లావా ప్రవాహం దాన్ని కప్పేస్తుంది, నార్కోండంలో పోయినది ఇంకెక్కడి నుంచీ తిరిగి రాదు. 2012లో ఇక్కడ పెట్టదలచిన తీరరక్షక దళపు రాడార్‌కు పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి నిరాకరించడానికీ ఈ పక్షే కారణం. రెండేళ్ళకు ఆ అనుమతి లభించింది.

కనుక పిల్లలకు అగ్నిపర్వతం అంటే ఏమిటో చూపించాలనుకునేవారు ఖర్చు చేసి బారెన్ చుట్టూ ఓడలో తిరిగి రావడమే మేలు. ఏ దీవి విలువైనదని అడిగితే మాత్రం నా ఓటు నార్కోండంకే. అక్కడికి యాత్రికులు వెళ్ళకపోవడం కూడా నాకు లోటుగా తోచదు. ఆడపక్షి చెట్టు తొర్రలోకి దూరి వాకిలి మూసుకుని, సన్నని చీలిక మాత్రం వదులుకుంటుంది. మర్రి, మేడి జాతి పండ్లు మింగి తెచ్చిన మగపక్షి ఆ చీలిక దగ్గర వాలి, వాటిని ఒక్కొక్కటిగా గొంతులోంచి తీసి అందిస్తుంది.