క్యూబిట్‌టొరెంట్‌లో సగం దిగినవి ఒక చోట, పూర్తయినవి ఒక చోట: మూడేళ్లు వాడినాక నా రివ్యూ

నెల్లూరులో మాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది, ట్రంకు రోడ్డు నించి లోపలికి పోయే సందులో. పగలంతా పెళ్లి కార్డులు, అప్లికేషన్లు, రాత్రి షట్టరు దించేముందు అదే కంప్యూటర్లో డౌన్‌లోడ్లు పెట్టేసి ఇంటికి పోతా. ఏం డౌన్‌లోడ్లంటే పాత పుస్తకాల స్కాన్లు, లినక్స్ ఐఎస్ఓలు (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్కు ఫైళ్లు), నెట్ లేని బడులకి ఇచ్చేదానికి కివిక్స్ ఫైళ్లు, అంటే వికీపీడియా లాంటివి నెట్ లేకుండా చదువుకునేవి. కొత్త సినిమాల సంగతి నన్నడగొద్దు, నాకు వాటితో పని లేదు. మన దేశంలో రచయిత పోయి 60 ఏళ్లు దాటితే ఆ పుస్తకం మీద కాపీరైట్ ఉండదు, అట్టాంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కుప్పలు కుప్పలుగా ఉండాయి, నాకు అయ్యే ఈ జన్మకి సరిపోతాయి.

ఈ రివ్యూ క్యూబిట్‌టొరెంట్ అని టొరెంట్లు దించే సాఫ్ట్‌వేరు గురించే గానీ దాంట్లో అన్నిటి గురించీ కాదు, ఒక్క విషయం గురించి. దిగుతున్న ఫైలు యాడ ఉండాల, దిగిపోయిన ఫైలు యాడికి పోవాల. చిన్న టిక్ బాక్సు అది. దాన్ని పట్టించుకోక మా నాన్నని నలుగురిలో ఇబ్బంది పెట్టా, అందుకే ఇంత వివరంగా రాస్తుండా.

నాన్న రిటైరైన తెలుగు పండితుడు, సొంతూరు పొదిలి దగ్గర. శాసనాలంటే ప్రాణం. నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా 1905లో అచ్చయినాయి, అప్పట్లో కందుకూరు, కనిగిరి, పొదిలి అన్నీ నెల్లూరు జిల్లాలోవే గదా, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. అందుకని ఆయనకి ఆ సంపుటాలు కావాల, వాళ్ల ఊరి చుట్టుపక్కల రాళ్ల సంగతులన్నీ వాటిల్లో దొరుకుతాయని. నేను రాత్రి టొరెంట్ పెట్టి పోయా. పొద్దున్నే నాకంటే ముందు నాన్న షాపు తీసి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీడీఎఫ్ కనపడితే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని, పాత స్నేహితులు కలిసే చోటికి ఎత్తుకుపోయినాడు. అక్కడ పెద్ద స్క్రీను మీద తెరిచారంట. మొదటి ముప్పై, నలభై పేజీలు బానే వచ్చాయి, ఆ తర్వాత అన్నీ తెల్ల పేజీలు, మళ్లీ మధ్యలో రొండు పేజీలు, మళ్లీ తెల్లవి. పక్కనాయన "పుస్తకమే అంతేమో పంతులుగారూ" అన్నాడంట. నాన్న ఇంటికొచ్చి కోప్పడలా, "అబ్బయ్యా, ఆ పుస్తకంలో మావూరి పేజీలు లేవురా" అన్నాడు. ఆ మాటకి నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

ఎట్టా జరిగిందో చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నా. ఫైలు సైజు చూస్తే పూర్తిగానే ఉంది, పేరు సరిగ్గానే ఉంది, బొమ్మ కూడా పీడీఎఫ్ బొమ్మే. టొరెంట్ లిస్టులో మాత్రం 61 శాతం. టొరెంట్ అనేది ఫైలుని మొదటి నించి చివరికి వరసగా దించదు, ముక్కలుగా కోసి, అదే ఫైలున్న వేరేవాళ్ల కంప్యూటర్లలో ఏ ముక్క ఎవరి దగ్గర దొరికితే ఆ ముక్క ముందు తెస్తుంది, 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ రాసినప్పటి నించీ పద్ధతి అదే. చిట్టచివరి ముక్క ముందే వచ్చి పడితే చాలు, మధ్యలో ఎన్ని గుంటలున్నా విండోస్ సైజు పూర్తిగానే చూపిస్తుంది. పీడీఎఫ్‌లో ఏ పేజీ యాడుందో చెప్పే పట్టిక ఉండేది ఫైలు చివర్లోనే, అది వచ్చేసింది కాబట్టి ఫైలు తెరుచుకుంది, పేజీలు రాలేదు కాబట్టి తెల్లగా కనపడ్డాయి. అసలు తెరుచుకోకపోయి ఉంటే నాన్న ఎత్తుకుపొయ్యేవాడే కాదు. సగం దిగిన ఫైలుకీ పూర్తయిన ఫైలుకీ బయటికి తేడా తెలీకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

ఇప్పుడు సెట్టింగుకొస్తా. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో డౌన్‌లోడ్స్. కిందికి జరుపుకుంటా పోతే డిఫాల్ట్ సేవ్ పాత్ అని ఉంటుంది, అది పూర్తయినవాటి ఇల్లు. దాని కిందనే "కీప్ ఇన్‌కంప్లీట్ టొరెంట్స్ ఇన్" అని ఒక టిక్ బాక్సు, మామూలుగా టిక్ ఉండదు, అది పెట్టి వేరే ఫోల్డర్ చూపించాల. అంతే. ఇక మీదట దిగేదంతా ఆ ఫోల్డర్‌లో దిగుతుంది, నూరు శాతం అయ్యి ముక్కలన్నీ సరిచూసుకున్నాక అదే తీసుకుపొయ్యి పూర్తయినవాటిలో పెడుతుంది, మనం ముట్టుకోనక్కర్లా, పెట్టిన చోటి నించే సీడింగ్ (మనకి దిగినదాన్ని వేరేవాళ్లకి పంపడం) కూడా సాగుతుంది. అదే పేజీలో ఇంకో టిక్ ఉంది, పూర్తవ్వని ఫైళ్ల పేరు చివర చుక్క, ఆశ్చర్యార్థకం, క్యూబీ తగిలించేది. అది కూడా పెట్టేయండి. అది ఉంటే ఫైలు పీడీఎఫ్ బొమ్మతో కనపడదు, ఉత్త తెల్లకాగితం బొమ్మతో కనపడుతుంది, డబుల్ క్లిక్ చేసినా విండోస్ దేంతో తెరవాలని అడుగుతుంది. నాన్నకి నేను నేర్పింది ఒక్కటే, తెల్లకాగితం ఉంటే ముట్టుకోవద్దు అని.

ఫోల్డర్ పేర్లు కూడా తెలుగులోనే పెట్టా, "సగం" అని ఒకటి, "పూర్తి" అని ఒకటి. ఏం ఇబ్బంది రాలా. టెంప్ అని మాత్రం పెట్టకండి దయచేసి, దీనికో కథ ఉంది. వెనక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసే రోజుల్లో మేము ఈమ్యూల్ అని ఇట్టాంటిదే ఇంకో డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేరు వాడేవాళ్లం. 2002లో వచ్చింది అది, దాంట్లో మొదటి నించే రొండు ఫోల్డర్లు, దిగేవి టెంప్‌లో, అయిపోయినవి ఇన్‌కమింగ్‌లో. టెంప్‌లో 001, 002 అని నంబర్లతో పార్ట్ ఫైళ్లు, ఒక్కోదానికి పక్కనే మెట్ అని చిన్న ఫైలు, ఏ ముక్క వచ్చింది ఏది రాలేదనే లెక్క అందులో ఉంటుంది. కంప్యూటర్ స్లోగా ఉందని సర్వీసుకొచ్చిన కుర్రోడు టెంప్ అని కనపడగానే చెత్త అనుకొని మొత్తం డిలీట్ కొట్టేశాడు, పదకొండు రోజులు దిగిన ఫైలు పోయింది. ఆ అబ్బాయి తప్పు కాదు, టెంప్ అంటే ఎవరికైనా చెత్త అనే అనిపిస్తుంది.

పద్ధతి చూస్తే ఈమ్యూల్ ఆ రోజుల్లోనే సరిగ్గా ఆలోచించింది, రొండు ఫోల్డర్లు అడక్కుండానే ఇచ్చింది. క్యూబిట్‌టొరెంట్‌లో మనం వెతుక్కొని టిక్ పెట్టుకోవాల్సి రావడం నాకు నచ్చలా. 2006 నించీ ఉన్న సాఫ్ట్‌వేరు, ఉచితం, ఓపెన్ సోర్సు, ఒక్క యాడ్ ఉండదు, ఇంత మంచిదాంట్లో ఈ ఒక్కటి మొదటి నించే ఆన్‌లో పెట్టి ఇస్తే ఎంతమందికి మేలో. ట్రాన్స్‌మిషన్ అనే ఇంకో టొరెంట్ సాఫ్ట్‌వేరులో కూడా ఈ ఆప్షన్ ఉంది, కొన్నాళ్లు వాడా, బానే ఉంది గానీ కేటగిరీల వారీగా ఫోల్డర్లు పెట్టుకునే సుఖం నాకు క్యూబిట్‌టొరెంట్‌లోనే కుదిరింది. పుస్తకాలు ఒక కేటగిరీ, బడి ఒక కేటగిరీ, ఒక్కోదానికి ఒక్కో సేవ్ పాత్, టొరెంట్ పెట్టేటప్పుడు కేటగిరీ ఎంచుకుంటే చాలు, దిగినాక ఎవరింటికి వాళ్లు పోతారు. దీనికి టొరెంట్ మేనేజ్‌మెంట్ మోడ్ ఆటోమేటిక్‌లో ఉండాల, మాన్యువల్‌లో ఉంటే కేటగిరీ మార్చినా ఫైలు కదలదు, ఇది తెలీక నేను రొండు రోజులు తలకాయ పట్టుకున్నా.

ఇంక ఎక్కువమంది చేసే పొరపాటు, రొండు ఫోల్డర్లు యాడ పెట్టాల అనేది. "సగం", "పూర్తి" రొండూ ఒకే డ్రైవులో ఉంటే, పూర్తయినాక తరలించడం క్షణం పని, ఎందుకంటే డేటా ఏమీ కదలదు, అడ్రసు మాత్రం మారుతుంది, నూరు జీబీ అయినా అంతే. వేరే డ్రైవులో ఉంటే మాత్రం నిజంగా కాపీ చెయ్యాల, అప్పుడు లిస్టులో "మూవింగ్" అని చూపిస్తుంది. నాది పాత సీపీయూ, యూఎస్‌బీ 2 పోర్టులు, బయటి హార్డ్‌డిస్క్‌కి సెకనుకి 30 ఎంబీ దాటదు, కివిక్స్ వాళ్ల ఇంగ్లీషు వికీపీడియా బొమ్మలతో సహా అయితే నూరు జీబీ పైమాటే, అది తరలడానికి గంట పట్టింది. ఆ గంటలో కంప్యూటర్ ఆపకూడదు, డిస్క్ పీకకూడదు. షాపు మూసే టైముకి సరిగ్గా మూవింగ్ మొదలైతే నేను కూర్చొని చూసి పోతా.

అట్టాగని అన్నీ ఒకే డ్రైవులో పెట్టమని కూడా అనను. ముక్కలు చిందరవందరగా వచ్చి పడతాయి కాబట్టి దిగేటప్పుడు డిస్క్ మీద భారం ఎక్కువ, యూఎస్‌బీ డిస్క్‌లో నేరుగా దించితే తల అటూ ఇటూ కొట్టుకుంటా గరగరమని సౌండు వస్తుంది, మిగతా పనులు కూడా నెమ్మదిస్తాయి. నేను చేసిందేందంటే "సగం" లోపలి హార్డ్‌డిస్క్‌లో, బడులకి పొయ్యే పెద్ద ఫైళ్ల "పూర్తి" మాత్రం బయటి డిస్క్‌లో, పుస్తకాల "పూర్తి" లోపలి డిస్క్‌లోనే. ఎస్ఎస్‌డీ 240 జీబీదే, విండోసుకే సరిపోద్ది, దాన్ని దీంట్లోకి లాగలా.

బయటి డిస్క్ పెట్టేవాళ్లు రొండు జాగ్రత్తలు తీసుకోండి. మొదటిది, డ్రైవ్ లెటర్. ఒకరోజు ఎవరిదో పెన్‌డ్రైవ్ ముందు పెట్టినందుకు నా డిస్క్ అక్షరం "ఈ" కాస్తా "ఎఫ్" అయికూర్చుంది, క్యూబిట్‌టొరెంట్ తెరిస్తే అన్నీ ఎర్రగా "మిస్సింగ్ ఫైల్స్". గుండె ఆగినంత పనయింది, ఫైళ్లేమీ పోలా, అడ్రసు తప్పింది అంతే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పొయ్యి పాత అక్షరం కేటాయించి ఫోర్స్ రీచెక్ (ముక్కలన్నీ మళ్లీ సరిచూసేది) కొట్టా, అన్నీ తిరిగొచ్చాయి. రొండోది, డిస్క్ ఫార్మాట్. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, నా పాత డిస్క్ అదే ఫార్మాట్‌లో ఉండింది, "సగం"లో హాయిగా దిగిన పెద్ద ఫైలు చివర్లో తరలించేటప్పుడు ఎర్రరిచ్చి అక్కడే ఆగిపోయింది. ఫైలుకేం కాలా, "సగం"లోనే పడుంది. డిస్కుని ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసి, సెట్ లొకేషన్‌తో మళ్లీ పంపితే పోయింది.

కరెంటు సంగతి కూడా చెప్పాల. కార్తీకం, మార్గశిరంలో వాయుగుండం పట్టిందంటే మాకు రాత్రంతా కరెంటు పోతా వస్తా ఉంటుంది, యూపీఎస్ బ్యాటరీ ఇరవై నిమిషాలకి పడుకుంటుంది. అట్టా మధ్యలో ఆగినప్పుడు రొండు ఫోల్డర్ల విలువ తెలిసింది, "పూర్తి"లో ఉన్నవాటి గురించి అనుమానమే లేదు, "సగం"లో ఉన్నవాటిని మాత్రం సెలెక్ట్ చేసి ఫోర్స్ రీచెక్ కొడతా, ఒక్కో ముక్కనీ హ్యాష్‌తో, అంటే ముక్క చెడిందో లేదో పట్టించే గుర్తుతో సరిచూసి చెడిన ముక్కలే మళ్లీ దించుతుంది. అంతకుముందు అన్నీ ఒకే ఫోల్డర్‌లో కలిసిపొయ్యి ఉన్నప్పుడు మొత్తం లిస్టు రీచెక్ చేస్తా తెల్లార్లూ కూర్చున్న రోజులున్నాయి.

ఆర్కైవ్ పుస్తకాలు దించేవాళ్లకి ఒక ముక్క. ఆ టొరెంట్లో పీడీఎఫ్ ఒక్కటే ఉండదు, పేజీల బొమ్మల జిప్పు, టెక్స్ట్ ఫైళ్లు బోలెడుంటాయి, పెట్టేటప్పుడే అక్కర్లేనివి టిక్ తీసెయ్యండి, జిప్పే పీడీఎఫ్‌కి చాలా రెట్లు ఉంటుంది. అయినా ఒక్కోసారి టిక్ తీసిన ఫైలు కూడా కొంచెం దిగినట్టు కనపడుతుంది, ఎందుకంటే ఒక ముక్క రొండు ఫైళ్ల సరిహద్దు మీద పడుతుంది, ఆ ముక్క లేనిదే మనకి కావాల్సిన ఫైలు పూర్తి కాదు. అట్టాంటి తునకల్ని అన్‌వాంటెడ్ అనే ఫోల్డర్‌లో పక్కకి పెట్టే ఆప్షన్ కూడా అదే డౌన్‌లోడ్స్ పేజీలో ఉంది. సీడర్లు (పూర్తి ఫైలు ఉండి పంపేవాళ్లు) సున్నా అని కనపడినా దిగులు పడొద్దు, ఆ టొరెంట్లకి ఆర్కైవ్ సర్వర్లే వెబ్ సీడ్‌గా ఉండి ముక్కలు పంపుతాయి, నెమ్మదిగా అయినా దిగుతుంది.

నాకు భయం పుట్టించేది ఇంకొక్కటుంది, లిస్టులోంచి టొరెంట్ తీసేసేటప్పుడు ఫైళ్లు కూడా తీసెయ్యమంటావా అని అడిగే టిక్. తొందరలో అది పడిందంటే "పూర్తి"లో ఉన్న పుస్తకం కూడా పోతుంది. 5.0 నించి పర్మనెంట్‌గా తీసెయ్యకుండా రీసైకిల్ బిన్‌లోకి పంపే ఆప్షన్ ఇచ్చారు, అది పెట్టుకోండి, ఇదొక్కటే చాలు అప్‌డేట్ చేసుకోడానికి.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది టిక్ బాక్సు మొదటి నించే ఆన్‌లో లేనందుకు. శాసనాల సంపుటం ఆ రోజు సాయంత్రానికే పూర్తయింది, నేనే మావూరి పేజీలు ప్రింటు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి నాన్న చేతికిచ్చా, మరుసటి ఆదివారం అదే పట్టుకొని ఆ స్నేహితుల దగ్గరికే పోయొచ్చాడు.