తిరుపతిలో ఇంటి పన్ను ఆన్‌లైన్ చెల్లింపు: ఐదుకి నాలుగు

తిరుపతి కార్పొరేషన్ అయింది 2007లో. అయినా పన్ను ఎక్కువొచ్చిందంటే మేయర్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు ఇంకా ఉన్నారు. కార్పొరేటర్లు ఎన్నుకునే మేయర్ పని కౌన్సిల్ నడపడం. ఎంత పన్ను కట్టాలో చెప్పే డిమాండ్ నోటీసు కమిషనర్ చేతిలోది. అర్జీ కమిషనర్ పేరునే రాయండి.

కట్టడం వరకు సేవ సులువు. అసెస్‌మెంట్ నంబరు (పన్ను రికార్డులో మీ ఇంటికిచ్చిన నంబరు) కొడితే యజమాని పేరు, డోర్ నంబరు, బకాయి కనిపిస్తాయి. డబ్బు పంపేముందు ఆ పేరు చదవండి. ఒక్క అంకె తప్పితే ఇంకెవరి పన్నో కట్టినట్టే, వెనక్కి రాబట్టడం పెద్ద తలనొప్పి. ఏప్రిల్ 30 లోపు ఏడాదిదంతా కడితే 5 శాతం తగ్గింపు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఏడాదికి 24.

ఒక మార్కు తగ్గింది పేరు మార్పు దగ్గర. ఇల్లు కొన్నాక పన్ను రికార్డులో మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. పాత బకాయి ఉన్నా, దస్తావేజులో 'వెంకట' ఉండి రసీదులో ఒట్టి 'వి' ఉన్నా ఫైలు ఆగుతుంది. సరిచూసుకున్నాకే వార్డు సచివాలయానికి వెళ్లండి, జిరాక్సులు రెండు సెట్లు పట్టుకుని.