థ్రాటిల్ బాడీ పెద్దది వేయాలా, రీమ్యాపా, ఉన్నది కడిగించుకుంటే చాలా?

"అన్నా, నాది స్విఫ్ట్ పెట్రోల్. థ్రాటిల్ బాడీ పెద్దది వేయిస్తే పికప్ ఎంత పెరుగుతుంది?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. థ్రాటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే నోరు, యాక్సిలరేటర్ తొక్కితే అందులోని గుండ్రటి ప్లేటు తెరుచుకుంటుంది. నాదీ అదే బండి, 2014 మోడల్, 1197 సీసీ. పోయినేడాది నేనూ కొనడానికి సిద్ధపడి, చివరికి కొనకుండా ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెబుతాను.

అమ్మేవాళ్లు ముందు సైజు చూపిస్తారు. 45 మిల్లీమీటర్ల నోరు 50 అయితే వైశాల్యం 23 శాతం పెరుగుతుంది, నిజమే. కానీ ఇంజిన్‌కు అంత గాలి కావాలా? 1.2 లీటర్ల ఇంజిన్ ఒక చుట్టుకు 0.6 లీటరు గాలి పీలుస్తుంది. 6000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 100 చుట్లు, అంటే మహా అయితే 60 లీటర్లు. 45 మిల్లీమీటర్ల నోట్లోంచి ఆ గాలి పోవాలంటే సెకనుకు 38 మీటర్ల వేగం చాలు. ఆ వేగం దగ్గర పూర్తిగా తెరిచిన ప్లేటు వల్ల తగ్గే ఒత్తిడి ఒక శాతం అటూ ఇటూ. 83 హార్స్‌పవర్ బండిలో ఒక శాతం అంటే ఒక్క హార్స్‌పవర్ కూడా లేదు.

లెక్కలు నమ్మకపోతే మీటర్ పెట్టి చూసుకోండి. నా దృష్టిలో ఈ మొత్తం విషయాన్ని తేల్చేది ఇదొక్కటే. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగ్‌లను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) పెట్టి, ఫోన్‌లో మ్యాప్ (ఎంఏపీ) సెన్సర్ రీడింగ్ తెరవండి. థ్రాటిల్ ప్లేటు దాటాక లోపల గాలి ఒత్తిడి ఎంతుందో అది చెబుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడి కనిపిస్తుంది. హైదరాబాద్‌లో నాకు 95 కిలోపాస్కల్స్ చూపించింది. తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఫోన్ చూడటానికి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, రెండో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. 5500 ఆర్‌పీఎం దగ్గర 93 చూపించింది. తేడా రెండే, అందులో ఎయిర్ ఫిల్టర్, గొట్టం వాటా కూడా ఉంది. థ్రాటిల్ బాడీని పూర్తిగా పీకి పక్కన పడేసినా ఆ రెండుకు మించి తిరిగి రాదు. అదే బండి విజయవాడలో ఉంటే, ఊరు పల్లం కాబట్టి, బయటి ఒత్తిడే 101 దాకా ఉంటుంది. ఏ థ్రాటిల్ బాడీ ఇవ్వలేని తేడా అది.

మరి వేయించుకున్నవాళ్లంతా బండి దూకుతోందని ఎందుకంటారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నోరు పెద్దదైతే కొంచెం తొక్కినా ఎక్కువ గాలి పోతుంది. పావు వంతు తొక్కినప్పుడు వచ్చే ఊపు మారుతుంది, పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే పవర్ మారదు.

పాతదాన్నే బోరు కొట్టించడం తక్కువ ఖర్చు కదా అనుకునేవాళ్లకు ఒక మాట. మా స్నేహితుడి బండికి ఒక షాపులో లేత్ మీద పెట్టి బోరు పెంచి, పెద్ద ప్లేటు బిగించారు. తర్వాత విప్పి వెనక నుంచి టార్చ్ వేసి చూస్తే ఒక పక్క నెలవంకలా వెలుతురు కనిపించింది. అక్కడి నుంచి గాలి లీక్. 750లో ఉండాల్సిన ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేగం) 1200కి పోయింది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, స్కానర్‌లో పీ0507 కోడ్, అంటే ఐడ్లింగ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా బండి అరుస్తుంటే అతను పడ్డ టెన్షన్ నేను చూశాను. చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఒరిజినల్ వెతికి వేయించుకున్నాడు.

నేను చేయించింది క్లీనింగ్. లక్ష కిలోమీటర్లు దాటిన బండి, ప్లేటు అంచు చుట్టూ నల్లటి జిడ్డు పేరుకుని వేలికి తారులా అంటింది. ఇంజిన్ నుంచి వచ్చే నూనె ఆవిరి గట్టిపడితే అలా అవుతుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడవాలి, కార్బురేటర్ క్లీనర్ వాడొద్దు, కీ ఆన్‌లో ఉండగా ప్లేటును వేలితో నెట్టొద్దు, లోపలి ప్లాస్టిక్ గేర్లు దెబ్బతింటాయి. అయ్యాక ఐడ్లింగ్ రీలెర్న్ చేయించాలి, అంటే శుభ్రమైన ప్లేటుకు తగ్గట్టు బండి కంప్యూటర్‌కు ఐడ్లింగ్ మళ్లీ నేర్పించడం. దీనివల్ల పవర్ పెరగదు, పోయిన మృదుత్వం తిరిగొస్తుంది. ట్రాఫిక్‌లో మొదటి గేర్ కుదుపులు నాకు ఆ రోజే పోయాయి.

నిజంగా పవరే కావాలంటే ఉన్నవాటిలో రీమ్యాప్ మేలు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగ్‌లు మార్చడం. అయితే టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) లేని ఇంజిన్‌లో పది శాతం లోపే వస్తుందని తెలిసి వెళ్లండి. టర్బో బండ్లకు చెప్పే అంకెలు మన బండికి వర్తించవు. వారంటీ ఉన్న బండికి మాత్రం వద్దు. మంచి ట్యూనర్ అయితే రీమ్యాప్‌కు ముందు, తర్వాత డైనో షీట్ (మెషీన్ మీద పవర్ కొలిచిన కాగితం) చేతికిస్తాడు. ఇవ్వనంటే వెనక్కి వచ్చేయండి.

షాపుల్లో అమ్మే మిగతా రెండింటితో పవర్ వస్తుందనుకోకండి: థ్రాటిల్ కంట్రోలర్ అనే పరికరం పెడల్ సిగ్నల్‌ను మాత్రమే మారుస్తుంది, స్పోర్ట్స్ ఎయిర్ ఫిల్టర్ సౌండ్ పెంచుతుంది.

క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) మార్చి, ఇంజిన్ హెడ్‌లో గాలి దారులు వెడల్పు చేయించి, ఇంజిన్‌ను 7000 దాకా తిప్పేవాళ్ల సంగతి వేరు. అప్పుడు ఇదే పరీక్ష మళ్లీ చేయండి. పూర్తిగా తొక్కినప్పుడు 95 కాస్తా 88కి పడుతుంటే, ఫిల్టర్ తీసి చూసినా అలాగే ఉంటే, పెద్ద థ్రాటిల్ బాడీ కొనండి, దానికి తగ్గట్టు ఈసీయూ ట్యూనింగ్ కూడా చేయించండి.