అమ్మానాన్నలు రావడమా, మనం వెళ్లడమా: ఏది మేలు?

అమ్మానాన్నల అమెరికా వీసా పదేళ్ల గడువు ఈ ఏడాదితో తీరిపోతుంది. 2016లో నా పురిటికి రావడం కోసం తీసుకున్న వీసా అది. అప్పట్లో కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది. ఇంటర్వ్యూకు ముందు నాన్న చిలుకూరు వెళ్లి బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వచ్చారు. వీసా చేతికందాక మళ్లీ వెళ్లి 108 పూర్తి చేసి మొక్కు తీర్చుకున్నారు. 2023 నుంచి కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. 2016లో 160 డాలర్లున్న వీసా రుసుము ఇప్పుడు 185 అయింది. "మళ్లీ తీద్దామా తల్లీ, వద్దా?" అని నాన్న అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. వనస్థలిపురంలో వాళ్ల ఇంటి మేడ మీద కూర్చుని నాలుగు రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేముండే వీధిలో ఐదారు తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లు రావడమా, మనం వెళ్లడమా అన్న ప్రశ్న అందరి ఇళ్లలోనూ ఏడాదికొకసారి వస్తుంది.

డబ్బు సంగతి త్వరగా తేలిపోతుంది కాబట్టి ముందు అదే చెబుతాను. వాళ్లు వస్తే రెండు టిక్కెట్లు. మేము వెళ్తే నాలుగు, అవీ స్కూలు సెలవుల్లో, ధరలు మండిపోయే రోజుల్లో. వీసా రుసుము, ఇన్సూరెన్స్ కలుపుకున్నా వాళ్లు రావడమే చవక. రోజుల లెక్క వేసినా వాళ్లదే పైచేయి. వచ్చిన ప్రతిసారీ వాళ్లకు సాధారణంగా ఆరు నెలలు ఉండే గడువిస్తారు. మా ఉద్యోగాల్లో దొరికేది మూడు వారాలు. 180 రోజులెక్కడ, 21 రోజులెక్కడ!

పురుడు దగ్గర అసలు చర్చే అక్కర్లేదు. బాలింతకు పథ్యం వండి, బిడ్డకు నలుగుపెట్టి నీళ్లుపోసి, రాత్రి రెండింటికి ఏడ్చే పసివాణ్ణి భుజాన వేసుకుని తిరిగే మనిషి అమ్మ. ఆమె రావలసిందే. 2016లో అమ్మ లేకపోతే ఆ మొదటి మూడు నెలలు నేను ఎలా గడిపేదాన్నో ఊహించలేను.

ఆ అవసరం తీరిపోయాక వచ్చినప్పుడు ఎలా ఉంటుందన్నదే నన్ను ఆలోచింపజేస్తున్నది. 2019లో వాళ్లు ఆరు నెలలున్నారు. ఫ్రిస్కోలో ఎక్కి దిగడానికి సిటీ బస్సు లేదు. ఉదయం ఎనిమిదిన్నరకు మేమిద్దరం ఆఫీసుకు, బాబు డేకేర్‌కు వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆ ఇంట్లో వాళ్లిద్దరే. నాన్న రోజూ హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పాలు తేవాలన్నా, జుట్టు కత్తిరించుకోవాలన్నా, గుడికి వెళ్లాలన్నా మమ్మల్ని అడగాలి. మేము విసుక్కోలేదు, కానీ ఆయన అడగడం తగ్గించేశారు. శనివారం దాకా ఆగి, "మీకు వేరే పని లేకపోతేనే" అని మొదలుపెట్టేవారు. నలభై ఏళ్లు ఇంటి పెద్దగా బతికిన మనిషి నోట ఆ మాట వింటే నా గుండె చివుక్కుమనేది. దానికి తోడు అది కూతురి ఇల్లు. "అల్లుడు గారి ఇంట్లో ఇన్నాళ్లా" అని అమ్మ మనసులో మొదటి రోజు నుంచీ ఉంది. మా ఆయన వాళ్లను సొంత తల్లిదండ్రుల్లా చూసుకున్నా ఆ బెరుకు పోలేదు. మాలో చాలామంది కూతుళ్లు దీన్ని పైకి చెప్పుకోరు.

సాయంత్రాలు పార్కులో తోటి తెలుగు పెద్దవాళ్లు కలిసేవారు. అదొక్కటే వాళ్లకు ఊరట. కానీ అక్కడి స్నేహాలకు తిరుగు టిక్కెట్ తేదీ ఉంటుంది. నాన్నకు బాగా దగ్గరైన ఒక గుంటూరు పెద్దాయన సెప్టెంబరులో వెళ్లిపోయాక, నాన్న నడక కూడా మానేశారు.

అదే నాన్నను ఇక్కడ చూస్తున్నాను. పొద్దున్నే హరిణ వనస్థలి వైపు నడకకు వెళ్తారు. వస్తూ పాల ప్యాకెట్, పేపరు తెస్తారు. చేతిలో సంచితో రైతుబజార్‌కు వెళ్లి వంకాయల దగ్గర బేరమాడతారు. నెలకోసారైనా ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో రైలు మారి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ విని రాత్రికి ఇంటికి వస్తారు. ఎవరి అనుమతీ అడగరు. నిన్న నేను బయటికి వెళ్తుంటే, "ఎన్నింటికి వస్తావు? భోజనానికి ఉంటావా?" అని నన్నే అడిగారు. ఆ ప్రశ్న విన్నప్పుడు కలిగిన నిశ్చింత ఆ ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా కలగలేదు.

ఆరోగ్యం విషయంలో మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. 2023లో మూడోసారి వచ్చినప్పుడు ఒక రాత్రి నాన్నకు గుండెల్లో మంట, చెమటలు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. రాత్రంతా ఉంచి, గుండెకు ఏమీ లేదు, ఎసిడిటీ అని తేల్చారు. సందర్శకుల కోసం తీసుకునే ఇన్సూరెన్స్ పాలసీలు ముందునుంచీ ఉన్న జబ్బుల చికిత్సను సాధారణంగా భరించవు. ఉన్నట్టుండి ముదిరితే కొంతమేరకు ఇచ్చే పాలసీలున్నా వాటికీ పరిమితులుంటాయి. నాన్నకు బీపీ ఉందన్న కారణం చూపి బిల్లులో పెద్ద భాగం మాకే వదిలేశారు. మేము కట్టగలిగాం, కట్టాం. కానీ నాన్న ఆ కాగితం చూశారు. ఆ తర్వాత ఉన్న మూడు నెలలు ఆయన ఏ నొప్పీ మాకు చెప్పలేదు. మోకాలు వాచి మెట్లు ఎక్కలేకపోతున్నారని చివరికి మా బాబు చెబితే తెలిసింది. మరో చిక్కు మందులది. అక్కడి నిబంధనల ప్రకారం సొంత వాడకానికి సాధారణంగా మూడు నెలలకు సరిపడా మందులే వెంట తెచ్చుకోవచ్చు. ఆరు నెలలుంటే మిగతా మూడు నెలలకు ఏమిటన్నది ముందే ఆలోచించుకోవాలి. ఇక్కడైతే వీధి చివరి డాక్టరు గారికి నాన్న బీపీ చరిత్ర పదిహేనేళ్లుగా తెలుసు.

మేము రావడంలో ఉన్న మరో లాభం ఈసారే నాకు స్పష్టంగా అర్థమైంది. వీడియో కాల్‌లో అమ్మ ఎప్పుడూ సోఫాలో కూర్చుని నవ్వుతూ కనబడుతుంది. ఇంటికి వచ్చి చూస్తే, ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. మందుల డబ్బాలో గడువు తీరిన మందులున్నాయి. స్నానాల గదిలో నేల జారుతోంది. ఈ మూడు వారాల్లో స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు వేయించాను, నేల గరుకుగా చేయించాను, ఇద్దరికీ కంటి పరీక్షలు చేయించాను, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేర్లు సరిచేయించాను. ఇవేవీ ఫ్రిస్కో నుంచి చేయలేను. వాళ్లు అక్కడ మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇక్కడి ఈ ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు.

అయితే వాళ్లు అక్కడికి వచ్చినప్పుడు జరిగే మేలును తక్కువ చేయను. మా బాబు తెలుగు అమ్మ పెట్టిన భిక్ష. ఆరు నెలలు అన్నం కలిపి ముద్దలు పెడుతూ చెప్పిన కథలతో వాడికి మాటలు వచ్చాయి. ఇక్కడ మూడు వారాల్లో వాడు వీధిలో వింటాడు, అర్థం చేసుకుంటాడు, కానీ నోరు తెరిచేసరికి తిరుగు ప్రయాణం వస్తుంది. పిల్లలు నాలుగైదేళ్లలోపు ఉంటే, తల్లిదండ్రుల ఆరోగ్యం బాగుంటే, ఒకసారైనా వాళ్లను పిలిపించుకోండి. ఆ లాభం మరోలా దొరకదు.

మనమే వెళ్లడం మేలన్న నా తీర్పు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు వర్తించదు. 2025 సెప్టెంబరు నుంచి చాలామందికి వీసా ఇంటర్వ్యూ మినహాయింపు పోయింది. వీసా ముద్ర కోసం ఆ డిసెంబరులో ఇక్కడికి వచ్చినవారిలో ఎందరికో అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడ్డాయి. ఉద్యోగం అక్కడ, మనిషి ఇక్కడ. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉండటం వల్ల మనవాళ్ల వరుస ఏళ్లకేళ్లు సాగుతుంది. పాస్‌పోర్టులో చెల్లే వీసా ముద్ర లేనివాళ్లను "వెళ్లి చూసి రండి" అనడం అన్యాయం. వాళ్లకు అమ్మానాన్నలు రావడమే దారి. మాకు ఆ చిక్కు కొన్నేళ్ల క్రితం తీరింది కాబట్టే నేను ఇలా రెండువైపులా తూచగలుగుతున్నాను.

మధ్యేమార్గంగా దుబాయ్‌లో కలుసుకోవడం గురించి కూడా కొందరు చెబుతారు. శంషాబాద్ నుంచి నాలుగు గంటల ప్రయాణం, పెద్దవాళ్లకు సులువు. మేమూ ఒకసారి అనుకున్నాం. కానీ వారం రోజులు హోటల్ గదుల్లో ఉంటే, అమ్మ వంటగదిలో పక్కన నిలబడి కబుర్లు చెప్పే వీలుండదు. అది విహారయాత్ర అవుతుందేమో కానీ, చూసి రావడం కాదు.

ఇక మనం రావడం గురించి. ఇందులోనూ పొరపాట్లు చేశాం. రెండుసార్లు పెళ్లిళ్ల ముహూర్తాలు చూసుకుని వచ్చాం. వేళ తేడా వల్ల నాలుగు రోజులు నిద్రలోనే పోయాయి. తర్వాత తిరుపతి, చీరల కొనుగోళ్లు, మియాపూర్‌లో పిన్ని, అల్వాల్‌లో పెదనాన్న, మెహిదీపట్నంలో ఆడపడుచు. ఒకరింటికి వెళ్లి మరొకరింటికి వెళ్లకపోతే మనసు కష్టపెట్టుకుంటారు, అది న్యాయమే కూడా. చివరికి అమ్మానాన్నలతో నిమ్మళంగా కూర్చున్నది విమానాశ్రయానికి వెళ్లే కారులో. ఈసారి ఒక ఆదివారం అందరినీ ఇంటికే భోజనానికి పిలిచాను. నలభై మంది వచ్చారు. మిగతా రోజులన్నీ అమ్మానాన్నలకే మిగిలాయి.

నెల ఎంచుకోవడంలోనూ పిల్లల్ని దృష్టిలో పెట్టుకోవాలి. టెక్సస్‌లో మే చివర స్కూళ్లు మూస్తే, తెలంగాణలో జూన్ 12న తెరుస్తారు. మేనమామ పిల్లలతో ఆడుకోవడానికి మిగిలేది రెండు వారాలే, అదీ ఎండ మాడ్చే రోజుల్లో. క్రిస్మస్ సెలవులకు వస్తే సంక్రాంతికి ముందే వెళ్లిపోవాలి. పిల్లల సెలవులు ఎటూ పూర్తిగా కలవవని గ్రహించాక, నేను ఆషాఢానికి ఓటు వేశాను. ముహూర్తాలుండవు, కాబట్టి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు. తొలకరి పడి ఊరు చల్లబడుతుంది. బోనాలు గోల్కొండలో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడికి, తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజకు చేరతాయి. మా పిల్లలు పోతరాజుల్ని చూసింది అలాగే. కొత్తగా పెళ్లయిన ఆడపిల్ల ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలన్న ఆచారం మనకు ఉండనే ఉంది. నాకు పెళ్లై పదమూడేళ్లయినా నేను దాన్ని పాటిస్తాను, అమ్మకు అది ఎంతో ఇష్టం. వీలైతే పిల్లలు లేకుండా ఒక్కరే ఇంకోసారి రండి. టిక్కెట్ ఒక్కటే, సెలవు పది రోజులే, తిరగాల్సిన ఇళ్లు ఉండవు. అమ్మ గారెలు వండితే వేడివేడిగా తిని, మధ్యాహ్నం ఆమె పక్కనే పడుకోవచ్చు.

కాబట్టి నాన్నకు ఇలా చెప్పాను. వీసా తీసుకోండి, అవసరం ఎప్పుడు వస్తుందో తెలియదు. కానీ ఆరు నెలల ప్రయాణాలు ఇక వద్దు. రావాలనిపిస్తే అక్టోబరులో, ఎండా చలీ లేనప్పుడు, రెండు నెలలకు మించకుండా రండి. విమానం ఎక్కేచోటా దిగేచోటా వీల్‌చెయిర్ అడగండి, ఇమిగ్రేషన్ దాకా మనిషి వెంట ఉంటాడు. ఏటా మేమే వస్తాం. నాన్న ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి గోడకున్న పంచాంగం క్యాలెండర్ తీసుకొచ్చారు. ఈ 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల ఆషాఢం జూలై మధ్యకు జరిగి ఆగస్టు రెండో వారం దాకా ఉంటుంది. మా పిల్లల స్కూలు కూడా సరిగ్గా అప్పుడే తెరుస్తారు. "అయితే మొదటి మూడు వారాలూ ఇక్కడే ఉండి వెళ్లొచ్చు" అంటూ ఆయన జూలై పేజీ మీద పెన్సిల్‌తో గీత గీశారు.