రేసు సైకిల్ దిగి స్టీలు సైకిలెక్కాక: ఆరేళ్ళ వాడకం మీద నా మాట

ముందే చెప్పేస్తున్నాను, ఇది వేగంగా పోయే బండి కాదు. ఉత్తదే పన్నెండు కిలోలు. మడ్‌గార్డులు, లైటు, వెనక సంచీ తగిలిస్తే పధ్నాలుగు. నా పాత కార్బన్ రేసు సైకిల్ ఎనిమిదికి లోపే తూగేది. "బాబాయ్, దీనిమీద మాతో వస్తావా?" అని కుర్రాళ్ళు మొదట్లో ఏడిపించేవారు, ఇప్పుడు మానేశారు.

కంపెనీ పేరు రాయను. ఇలాంటివి చాలామంది చేస్తున్నారు, ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా లేదు. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలు ఫ్రేము, సీటుకి సమానమైన ఎత్తులో హ్యాండిల్, 32 ఎంఎం టైర్లు, తీగతో లాగే డిస్క్ బ్రేకులు, షిమానో క్లారిస్ ఎనిమిది గేర్లు. నాకు యాభై ఏడు. నలభైల్లో వెటరన్స్ (వయసు మీదపడ్డవాళ్ళ) రేసులు ఆడాను. గెలిచింది తక్కువ, గుంపులో తేలింది ఎక్కువ.

అసలు సంగతి గేర్లలో ఉంది. పాతదానికి ముందు పళ్ళచక్రాలు రెండిటికీ 53, 39 పళ్ళు, వెనకవాటికి 11 నుంచి 25. అంటే అన్నిటికన్నా తేలిక గేరులో కూడా పెడలు ఒక్క చుట్టు తిప్పితే బండి దాదాపు 3.3 మీటర్లు వెళ్ళాలి. దీనికి ముందు 50, 34, వెనక 11 నుంచి 34. చిన్న గేరులో పెడలూ చక్రమూ సమానంగా తిరుగుతాయి కాబట్టి చుట్టుకి 2.15 మీటర్లే. కాగితం మీద ఇదేమంత తేడాలా ఉండదు. మా విశాఖలో కైలాసగిరి కొండ ఎక్కుతూ, ఆఖరి మలుపుల్లో గంటకి తొమ్మిది కిలోమీటర్లకి పడిపోయినప్పుడు తెలుస్తుంది. పాతదాంట్లో ఆ వేగానికి నిమిషానికి నలభై ఆరు చుట్లు, చుట్టుచుట్టుకీ మోకాలి చిప్ప కింద మేకు దిగినట్టుండేది. దీంట్లో అదే వేగానికి డెబ్బై చుట్లు. ఆయాసం ఎక్కువే, కానీ పైకెళ్ళి రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. మోకాలు నొప్పెడితే వారం రోజులు మేడ మెట్లు దిగనివ్వదు. అంత చిన్న గేరు "ముసలాళ్ళకి" అనే కుర్రాళ్ళు సింహాచలం ఘాట్‌లో అడ్డంగా పాముల్లా మెలికలు తిరుగుతూ ఎక్కడం చూస్తూనే ఉన్నాను.

టైర్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 23 ఎంఎం టైర్లలో 110 పీఎస్ఐ గాలి కొట్టుకునేవాణ్ణి, ఇప్పుడు 60 చాలు. సాగర్‌నగర్ దాటాక గతుకుల్లో చేతులు తిమ్మిరెక్కడం పోయింది. అందులో సగం పుణ్యం హ్యాండిల్ ఎత్తుదే.

ఇక తుప్పు. సముద్రం పక్కన స్టీలు సైకిలేంటి అని అందరూ అడిగేది దీని గురించే. భయపడినంత లేదు, అలాగని వదిలేస్తే ఊరుకోదు. బీచ్ రోడ్డు మీంచి వచ్చి తుడవకుండా పెడితే తెల్లారేసరికి చెయిను లింకుల మీద ఎర్రటి పొర వస్తుంది. చెమట కారేది సరిగ్గా హ్యాండిల్ బోల్టుల మీదే, ముందు తుప్పు పట్టేవీ అవే. మంచినీళ్ళతో కడిగి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది, ప్రెషర్ పంపు మాత్రం వద్దు, బేరింగుల్లో గ్రీజు పోతుంది.

ఎవరూ చెప్పనిది సీటు పోస్టు, అంటే సీటు కింద ఫ్రేము గొట్టంలోకి దిగే కడ్డీ సంగతి. కొన్న షాపులో గ్రీజు రాయకుండా దింపి ఇచ్చారు. పోస్టు అల్యూమినియం, గొట్టం స్టీలు, మధ్యలో ఉప్పు చెమ్మ. మొదటి వానాకాలం వెళ్ళాక సీటు కాస్త దించుదామంటే కదల్లేదు. మా మెకానిక్ ఓ రాత్రంతా నూనె నాననిచ్చి, మర్నాడు పోస్టుని వైస్‌లో బిగించి ఫ్రేముని పట్టుకు తిప్పాడు. కిర్రుమంటూ అంగుళం అంగుళం బయటికొచ్చింది, చుట్టూ సున్నంలా తెల్లపొడి. "ఇంకో ఏడాదైతే కోసేయాల్సిందే సార్," అన్నాడు. ఇప్పుడు రెండు నెలలకోసారి పోస్టు బయటికి లాగి గ్రీజు రాస్తున్నాను, పది నిమిషాల పని.

గాలి విషయంలో మాత్రం ఇది ఓడిపోతుంది. ఎండాకాలం నైరుతి గాలి భీమిలి వైపు వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. టిఫినూ టీ అయ్యాక తిరిగొస్తుంటే మంగమారిపేట దగ్గర నుంచీ ఎదురే. నిటారుగా కూర్చుంటాం కదా, ఛాతీ అంతా గాలికి అడ్డం. ఆదివారం గుంపులో ముందువాడి చక్రం వెనకే, గాలి తగలకుండా అంటుకుని ఓ పది నిమిషాలు వెళ్ళగలను, ఆ తర్వాత వాళ్ళు వాళ్ళే, నేను నేనే. నాకు నిజంగా పోయిందనిపించేది ఇదొక్కటే. వేగం పోయినందుకు కాదు, పక్కన మాట్లాడుతూ తొక్కే మనుషులు పోయినందుకు. ఏ రివ్యూలోనూ ఇది కనపడలేదు.

వేగం ఎలాగూ పోయేదే. ఫ్రాన్సు పెద్దాయన రాబర్ట్ మార్షాన్ 2014లో 102 ఏళ్ళ వయసులో గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కాడు. 2017లో, 105 ఏళ్ళ వయసులో, 22.547. ఆయనకే మూడేళ్ళలో నాలుగు కిలోమీటర్లు తగ్గితే మనమెంత! మీటరు తెర మీంచి వేగం అంకె తీసేశాను, టైమూ గుండె కొట్టుకునే రేటూ చాలు. అదీ పట్టుకు వేలాడక్కర్లేదు. 220లోంచి వయసు తీసేసే లెక్క ప్రకారం నా గరిష్ఠం 163, ఎక్కుడులో ఇప్పటికీ 170 కనపడుతుంది.

రేసుల బదులు బ్రెవేలకి, అంటే గడువులోగా పూర్తిచేస్తే చాలనే దూరప్రయాణాలకి వెళ్తున్నాను. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల గడువు. ముందొచ్చినా ఆఖర్లో వచ్చినా ఫలితాల్లో ర్యాంకు ఉండదు. మరీ తొందరగా వెళ్తే దారిలో హాజరు వేసే కంట్రోల్ పాయింటే తెరవరు! ఈ బండికి సరిగ్గా సరిపోయిన ఆట ఇది. పద్దెనిమిది, ఇరవై వేగంతో రోజంతా పోనిస్తుంది, మర్నాడు ఆఫీసుకి మామూలుగా వెళ్ళనిస్తుంది.

కొనాలా అంటే, పాత ఫ్రేములో 28 టైరు పడుతుందేమో ముందు చూసుకోండి. పడితే 50-34 క్రాంకు (ముందు పళ్ళచక్రాలు), 11-32 కేసెట్టు (వెనక పళ్ళచక్రాలు), దానికి సరిపడే పొడుగు డీరెయిలర్ (వెనక గేరు మార్చే భాగం) వేయించండి, చాలావరకు పని అయిపోతుంది, ఖర్చూ కొత్త సైకిల్ ధరలో కొంతే. చెయిను కూడా పొడుగుది కావాలి, మెకానిక్‌కి ముందే చెప్పండి.