పాటకు బొమ్మలు గీయించాలంటే ఏది మేలు: జెమినియా, మిడ్‌జర్నీయా, సొంత కంప్యూటరా?

వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల వైపు జానపద పాటల చానళ్లకు కొదవ లేదు. పాట రికార్డయినంక షూటింగుకు పైసలు సరిపోకపోతే ఇప్పుడు చాలామంది చూపు ఏఐ బొమ్మల మీదికి పోతోంది. లిరికల్ వీడియోకు, థంబ్‌నెయిల్‌కు, షార్ట్స్‌కు అవి అక్కరకొస్తాయి కూడా. అయితే ఏ టూల్ మంచిదని అడిగితే అందరూ అందమైన బొమ్మ దేంట్లో వస్తుందో చెబుతారు. మన పాటలకు ఆ కొలత చాలదు. మనమిచ్చిన ఫొటో చూసి గీస్తుందా? మొదటి చరణంలో కనిపించిన పిల్లనే మూడో చరణంలోనూ చూపిస్తుందా? ముందుగా అడగాల్సినవి ఇవి.

టూల్ సంగతికి పోయే ముందు ఒక మాట. పాట మొత్తం తెచ్చి అతికించి "బొమ్మ గియ్యి" అంటే ఏ టూలైనా పని చెడగొడుతుంది. ఉదాహరణకు ఇట్లాంటి చరణం ఉందనుకుందాం:

సెరువు కట్ట మీద సిన్నది నడిసే
కొంగు పట్టిన గాలి కొసరి నవ్వే
సద్దిమూట జూసి ఆకలి మరిసి
మామ నాగలి ఇడిసి మబ్బుల జూసే

దీన్ని ఉన్నదున్నట్టు ఇస్తే, గాలి నవ్విందన్నందుకు మబ్బుకు కళ్లూ నోరూ మొలిచి నవ్వే ప్రమాదం ఉంది. మామ నెరిసిన జుట్టు పెద్దమనిషి అయిపోతాడు. కట్ట, చేను, నాగలి, మూట అన్నీ ఒకే ఫ్రేములో ఇరుక్కుంటాయి. అందుకే పాదానికొక షాట్ చొప్పున విడగొట్టి, కంటికి కనిపించేదే రాయాలి. రెండో పాదానికి ఇట్లా రాయొచ్చు: "ఇరవై ఏళ్ల యువతి, నెత్తి మీద గుడ్డతో కట్టిన సద్దిమూట, రెండు చేతులూ మూట మీదే. గాలికి ఆకుపచ్చ నూలు చీర కొంగు ఎగురుతోంది, పట్టుకోలేక నవ్వుతోంది. పక్క నుంచి, నడుము వరకు. వాన వెలిసిన పొద్దున, వెనక చెరువు మత్తడి, తాటిచెట్లు." నవ్వు గాలి నుంచి పిల్ల ముఖానికి మారింది కానీ భావం ఎటూ పోలేదు. మామకు వయసు, మీసం, బట్టలు ఇట్లాగే విడిగా చెప్పాలి.

లెక్క కూడా ముందే వేసుకోవాలి. నాలుగు నిమిషాల పాటంటే 240 సెకన్లు. బొమ్మ ఆరు సెకన్లు నిలిస్తే 40 ముక్కలు కావాలి. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి 25 వేర్వేరు బొమ్మలతో గడిచిపోతుంది. ఒక్కో బొమ్మకు మూడు నాలుగు సార్లు గీయిస్తే గానీ పనికొచ్చేది రాదు. అంటే పాటకు 75 నుంచి 100 సార్లు. ఉచిత ఖాతా చాలుతుందా, డబ్బు కట్టాలా అన్నది ఈ అంకెను పట్టే తేలుతుంది.

ఎక్కువ మందికి పనికొచ్చేది గూగుల్ వాళ్ల జెమినియే. 2025 ఆగస్టులో "నానో బనానా" పేరుతో పాపులర్ అయిన మోడల్ నుంచి ఇందులో ఫొటో జతచేసి, తెలుగులోనే చెప్పి మార్పులు చేయించుకోవడం తేలికైంది. మొదట పాత్ర షీటు చేయించండి. ఒకే మనిషి ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, ఖాళీ తెల్ల నేపథ్యంలో ఉండాలి. ఆ తర్వాత ప్రతి షాటుకూ ఆ షీటును జతచేసి "ఈ అమ్మాయే, ఈ చీరే" అని రాయాలి. ఒకే చాట్‌లో పది పన్నెండు బొమ్మలు దాటితే ముఖం మెల్లగా జారిపోతుంది. కొత్త చాట్ తెరిచి షీటు మళ్లీ పెట్టాలి. ఒకే బొమ్మను మార్పు మీద మార్పు చేయించినా చర్మం ప్లాస్టిక్‌లా నున్నగా అవుతుంది, అంచులు మసకబారతాయి. మూడు మార్పులకు కుదరకపోతే అసలు బొమ్మ దగ్గరికే తిరిగి వెళ్లడం మంచిది.

ఫొటో ఎందుకంత ముఖ్యమో బతుకమ్మ పాట చేస్తే తెలుస్తుంది. మాటలతోనే అడిగితే వచ్చేది సాధారణంగా బంతిపూల కుండో, ఓనం పూల ముగ్గో, పెళ్లి కేకులాంటి అంతస్తుల గోపురమో. గునుగు ఏ మోడల్‌కూ సరిగ్గా తెలియదు. తాంబాలం మీద గుమ్మడాకులు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు వరుసలు వరుసలుగా పేర్చుకుంటూ పైకి సన్నబడి, కొసన పసుపు గౌరమ్మ ఉండే రూపం రావాలంటే రెండు మూడు ఫొటోలు ఇవ్వక తప్పదు. సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర మీరే తీసుకోండి. ఒకటి ఎదురుగా, ఒకటి పైనుంచి, ఒకటి పూల వరుస దగ్గరగా. జనం ముఖాలు పడకుండా తీస్తే ఇంకా మేలు. కాకతీయ కళాతోరణానికీ ఇదే దారి. ఫొటో లేకపోతే అది సాంచీ తోరణంగానో, జపాన్ గుడి ద్వారంగానో మారిపోతుంది. డప్పు గీయమంటే టూల్ రెండు వైపులా తోలు మూసి మెడలో ఢోలులా వేలాడదీస్తుంది. ఒకవైపే తోలు, ఎడమ పక్కన ఆనించి పట్టుకోవడం, కుడి చేతిలో పొట్టి సిర్ర, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల అని విడిగా రాసినా ఫొటో ఉంటేనే కుదురుతుంది.

మేడారం పాట అయితే మరీ జాగ్రత్త. సమ్మక్క సారలమ్మలు అంటే కిరీటం పెట్టి, సింహం మీద కూర్చోబెట్టి దుర్గమ్మ బొమ్మ ఇస్తుంది. అక్కడ విగ్రహాలు లేవు. గద్దెలు, వెదురు, కుంకుమ భరిణె, భక్తులు బంగారం అని పిలిచే బెల్లం ఉంటాయి. బొమ్మలో దేవతను చూపించకుండా చిలకలగుట్ట అడవి, గద్దెల చుట్టూ జనం, నెత్తిన బెల్లం మోసుకొచ్చే మనిషి, ఇవి చూపితే పాటకూ న్యాయం, చూసేవాళ్లకూ తృప్తి.

చాట్‌జీపీటీ కూడా ఇదే కోవది. పొడుగాటి వర్ణన ఇస్తే ఒక్క వివరం వదలకుండా గీయడంలో గట్టిది, కానీ నిదానం. దాని అడ్డ బొమ్మ 1536 × 1024 కొలతలో వచ్చిందనుకోండి. యూట్యూబ్ 16:9కు పైనా కిందా 80 చుక్కల (పిక్సెళ్ల) చొప్పున కోస్తే 1536 × 864 మిగులుతుంది. కాబట్టి తల మీద ఖాళీ జాగా వదలమని ముందే చెప్పాలి. లేకపోతే సద్దిమూట సగానికి తెగుతుంది.

మిడ్‌జర్నీ వెలుగునీడలు వేరెవరికీ రావు. థంబ్‌నెయిల్‌కు, భక్తి పాట పోస్టరుకు దాన్ని మించింది లేదనే చెప్పాలి. కానీ ఉచితం లేదు, మొదటి ప్లానే నెలకు 10 డాలర్లు. ఇంగ్లీషులో రాస్తేనే బాగా అర్థం చేసుకుంటుంది. ఆ ప్లానులో మీ బొమ్మలు అందరికీ కనిపిస్తాయి, పాట విడుదల కాకముందు అది ఇబ్బందే. ఏడో వెర్షన్‌లోని ఓమ్నీ రిఫరెన్స్‌తో, అంటే ఫొటో జతచేసే సదుపాయంతో, అన్ని బొమ్మల్లో అదే మనిషిని నిలబెట్టొచ్చు గానీ ప్లానులో మనకిచ్చే జీపీయూ సమయం (బొమ్మ గీసే యంత్రం వాడుకునే సమయం) రెండింతలు ఖర్చవుతుంది. అడగకపోయినా అందరికీ సినిమా నగలు తొడిగే గుణం ఒకటుంది. నాట్లేసే ఆడవాళ్లకు వడ్డాణం ఎవరు పెడతారు?

ఇక సొంత కంప్యూటర్. స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్ఎల్ అనే బొమ్మల మోడల్‌ను కంఫీయూఐ అనే సాఫ్ట్‌వేర్‌లో నడపాలంటే 8 జీబీ మెమరీ ఉన్న ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మేలు. మన ఫొటోలతో మోడల్‌కు కొత్త రూపం నేర్పే చిన్న ఫైలును లోరా అంటారు, దానికి మనకు నచ్చినట్టు తర్ఫీదు ఇచ్చుకోవాలంటే 12 జీబీ ఉంటే సుఖం. తెలుగులో రాస్తే దానికి అర్థం కాదు. ఇంగ్లీషులో అయినా దాదాపు 75 టోకెన్లకు (మాటలకూ మాటల ముక్కలకూ) మించితే ముక్కలు చేసి చదువుతుంది, ఆ ముక్కల మధ్య సంబంధం పలచబడుతుంది. అయినా నెలకు నాలుగైదు పాటలు వదిలే చానల్‌కు ఇదే గిట్టుబాటు. 20 నుంచి 30 బతుకమ్మ ఫొటోలకు ఒక్కోదానికీ వివరణ రాసి లోరా ఒకసారి తయారు చేసుకుంటే ఏటా వాడుకోవచ్చు. ఫొటోలన్నీ ఒకే కోణంలో ఉంటే మాత్రం ప్రతి బొమ్మా అదే కోణంలో వస్తుంది.

చేర్యాల నకాషీ పటచిత్రాల శైలిలో చేయించాలన్న ఆశ చాలామందికి ఉంది. ఆ పటాలు పుట్టిందే పాటకు, కథ పాడుతూ విప్పి చూపించడానికి. ఎర్ర నేపథ్యం మీద వరుస చిత్రాలు ఒగ్గు కథలాంటివాటికి అతికినట్టు ఉంటాయి. అయితే ఆ పనితోనే ఇప్పటికీ బతుకుతున్న కుటుంబాలున్నాయి. వాళ్ల పటాల ఫొటోలతో లోరా చేసేటట్టయితే ముందు వాళ్లనడిగి, ఎంతో కొంత ముట్టజెప్పి చేయాలి. పోస్టరు ఒక్కటే కావాలంటే నేరుగా వాళ్లతోనే వేయించుకోండి.

ఏది వాడినా బొమ్మ లోపల తెలుగు అక్షరాలు రాయించవద్దు. ఒత్తులు తారుమారవుతాయి, గుణింతాలు గాల్లో వేలాడతాయి. అక్షరాలు ఎడిటింగులోనే వేయాలి. వీడియో ఎడిటింగు చేసే ప్రీమియర్‌లో ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చండి. రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితమే. అప్‌లోడ్ చేసేటప్పుడు, ఫొటోలా నిజమనిపించే బొమ్మలైతే యూట్యూబ్‌లో "ఆల్టర్డ్ కంటెంట్" ప్రశ్నకు అవునని పెట్టాలి. చూడగానే గీసిన బొమ్మని తెలిసేవాటికి ఆ అవసరం లేదు.